ఆకలి మీద పుస్తకం మూయొద్దు

మొన్న పెత్రమాసకు ఛత్రినాకలో మా పుట్టింటికి వెళ్ళాను. పోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చే రోజు కదా, ఆ రోజు ఇంటి ఆడపడుచు ఒకతి పక్కన కూర్చుని పేర్లు అందించడం మా ఇంటి పద్ధతి. మా తమ్ముడు పోయాక బియ్యం ఇచ్చే పని వాడి కొడుకు శ్రీశైలం మీద పడింది. వాడికి తండ్రి పేరు, తాత పేరు తప్ప ఇంకో పేరు నోటికి రాదు. అందుకే నన్ను ఆటోలో ఎక్కించి తెచ్చుకుంటాడు. కింద పాలప్యాకెట్ల దుకాణం, పైన ఇల్లు. హాల్లో నేల మీద వరసగా చాటలు పెట్టారు. ఒక్కో చాటలో బియ్యం, కందిపప్పు, చింతపండు, రెండు బీరకాయలు, ఓ మూలకు ఉప్పు. సాయంత్రం బతుకమ్మ కోసం తెచ్చిన గునుగు, తంగేడు పూలు బాల్కనీలో కుప్పపోసి ఉన్నాయి. ఆ పచ్చివాసనకే నాకు సగం మత్తు వచ్చేసింది. బియ్యం ఇప్పించే అయ్యగారు అడుగుతుంటే ఒక్కో పేరే చెబుతూ పోయాను. తాత, బాపమ్మ, బాపు, అమ్మ, కాక, తమ్ముడు. ఈసారి కొత్తగా కాక భార్య చిన్నమ్మ పేరు చేరింది. ఆమె పోయి ఏడాది తిరిగింది. బాలమణి అని ఆ పేరు రెండుసార్లు చెప్పాను, దాచడం ఎందుకు.

"అయినట్టేనా అమ్మా?" అన్నారు అయ్యగారు, చెంబు అందుకుంటూ.

"ఇంకొక చాట ఉండాలె అయ్యగారూ," అన్నాను. "విశాల పేరు మీద."

శ్రీశైలం నావైపు వింతగా చూశాడు. "విశాల ఎవలత్తా? నేనెన్నడు ఇనలే." వాడి తప్పు కాదు. ఇన్నేళ్ళూ ఆ చివరి చాట చిన్నమ్మే తెచ్చి పెట్టేది, ఆ పేరు అయ్యగారి చెవిలో తనే చెప్పేది. పెద్దామె ఏదో చేసుకుంటోంది లెమ్మని ఎవరూ పట్టించుకోలేదు. ఈ అయ్యగారు కొత్తాయన, కుర్రాడు. "వరస జెప్పాలె గదమ్మా, గామె మీకేమైతది?" అని మర్యాదగానే అడిగారు. జవాబు నాలుక మీదే ఉంది. కానీ ఆ గునుగు వాసన, ఆ బియ్యం, ఆ ప్రశ్న అన్నీ ఒక్కసారిగా మీద పడేసరికి నేను అక్కడ లేను. బండలు పరిచిన మా పాత వాకిట్లో, మధ్యాహ్నపు ఎండలో, చిన్నమ్మ మోకాలికి ఆనుకుని కూర్చుని ఉన్నాను.

అప్పుడు ఈ హాలూ లేదు, ఈ అంతస్తులూ లేవు. నడుమ వాకిలి, చుట్టూ పెంకుల వసారా, వెనకవైపు బర్రెల కొట్టం. గల్లీ మలుపు తిరగగానే మా ఇల్లు ముక్కుకు తెలిసిపోయేది. నానబెట్టిన తవుడు, పత్తిగింజలు, పచ్చిగడ్డి, ఎండుతున్న పిడకలు, పొయ్యి మీద కాగుతున్న పాలు, అన్నీ కలిసిన ఒక వెచ్చటి వాసన. గల్లీ పిల్లలు 'బర్రెలోళ్ళ పిల్ల' అని నన్ను చూసి ముక్కు మూసుకునేవారు. ఇప్పుడు ఆ వాసన ఎక్కడైనా తగిలితే నేను ఆటో ఆపించి దిగుతాను. పిచ్చిదనుకుంటే అనుకోనివ్వండి. తెల్లవారకముందే బాపూ అమ్మా కొట్టంలో చేరి పాలు పిండేవారు. చెంబులో పాలధార పడే చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది, మళ్ళీ ఆ చప్పుడుకే నిద్ర పట్టేది. నిద్రకూ మెలకువకూ మధ్య అంత సుఖమైన చోటు నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

పాలు నింపిన ఇత్తడి బిందెలు కావడికి తగిలించుకుని బాపు షాలిబండ దాకా, అక్కడి నుంచి చార్మినార్ దాకా పోయేవాడు. కావడి భుజానికెత్తుకునే ముందు బాపమ్మ గడపలో నిలబడి గల్లీకి అటూ ఇటూ చూసేది. బాపమ్మ అంటే మా బాపు తల్లి. మనిషి పొట్టి, గొంతు పెద్దది. దవడలో ఎప్పుడూ తంబాకు. ఆమె 'ఊఁ' అంటేనే కావడి కదిలేది. పాలు బయటికి పోయేటప్పుడు ఎవరు ఎదురొస్తున్నారన్నది ఆ ఇంట్లో చిన్న సంగతి కాదు. ఎవరైనా రాకూడని మనిషి కనిపిస్తే కావడి దించి, బాపు ముఖాన నీళ్ళు చల్లుకుని, కాసేపు కూర్చుని మళ్ళీ బయలుదేరాలి. ఆ రాకూడని మనిషి మా ఇంట్లోనే ఉండేది. ఆమే చిన్నమ్మ.

బాపు తమ్ముడైన మా కాకను చేసుకుని ఆమె వచ్చిన ఏడే కాకకు జ్వరం వచ్చింది. వచ్చిన జ్వరం దిగలేదు. బాపమ్మ కొడుకు కోసం ఏడ్చినట్టు నాకు గుర్తులేదు. కట్టెలా బిగుసుకుని కూర్చుండిపోయింది. ఆ తర్వాత కోడలి పేరు ఆమె నోట రాలేదు. 'గామె' అనేది, అంతే. 'గామెను తినమను. గామెను లోపలికి పొమ్మను.' పొద్దున కావడి గడప దాటేదాకా చిన్నమ్మ వెనక అర్రలో తలుపేసుకుని ఉండాలి. ఎవరూ చెప్పనక్కర్లేకుండా తనే పోయి కూర్చునేది. నేను ఆ అర్రలోకి దూరి ఆమె ఒళ్ళో పడుకునేదాన్ని. బయట బాపమ్మ 'ఊఁ' అన్నాక మేమిద్దరం బయటికి వచ్చేవాళ్ళం. నాకు అదొక ఆటలా ఉండేది. ఆమెకు ఎలా ఉండేదో అప్పుడు నాకేం తెలుసు.

కానీ మధ్యాహ్నం సంగతి వేరు. పొద్దుటి పాలు అయిపోయి, బర్రెలు కుడితి తాగి పడుకుని నెమరేసే వేళ, వాకిట్లో ఎండ సగానికి జరిగి వసారా నీడ పాకేది. అప్పుడు చిన్నమ్మ పుస్తకం తెచ్చుకుని అందరి నడుమ కూర్చునేది. పొద్దున ఎదురు రాకూడని మనిషి మధ్యాహ్నం నడివాకిట్లో ఉండేది. మా ఇంట్లో తెలుగు చదవగలిగింది ఆమె ఒక్కతే. బాపుకు ఉర్దూ అక్షరాలు కొద్దిగా వచ్చు, అంతే. ఆమె పుట్టిన ఊళ్ళో వీధిబడి పంతులు తన కూతురితో పాటు ఆమెకూ అక్షరాలు దిద్దించాడట. షాలిబండలో బాపు పాలు పోసే తెలుగు వకీలు గారు ఆ మాట విని కథల పుస్తకాలు ఇచ్చేవారు. బాపు వాటిని ఖాళీ అయిన పాలబిందెలో పెట్టి తెచ్చేవాడు. అందుకే నా చిన్నప్పుడు పుస్తకాలన్నీ పుల్లటి పాల వాసన వేసేవి. పుస్తకం అంటే ఆ వాసనే అనుకునేదాన్ని చాలా ఏళ్ళు. పెద్దయ్యాక కొత్త పుస్తకాల్లో అది లేకపోతే ఏదో తక్కువైనట్టు ఉండేది.

వినడానికి బాపమ్మ, అమ్మ, నేను. పక్కింటి ముస్లిం ఆవిడ వచ్చేది, పిన్ని అన్నట్టు ఆమెను ఉర్దూలో ఖాలా అని పిలిచేవాళ్ళం. ఖాలా లక్కగాజులు చేసేది, ఆమె వేళ్ళు ఎప్పుడూ లక్కరంగుతో ఎర్రగా ఉండేవి. తెలుగూ ఉర్దూ కలిపి కొట్టేది. తమలపాకుల పాన్‌దాన్ ముందు పెట్టుకుని, చిన్నమ్మ నోరు తెరవగానే 'పహలే క్యా హువా థా, నిన్న ఏడ ఆపినవ్?' అని అడిగేది. అమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ వినేది. బాపమ్మ చేతిలో పని ఉండేది కాదు. కథ వినడమే ఆమెకు పని. ఊరికే వినేది కాదు, కథతో కొట్లాడేది. 'ఆగు' అని చెయ్యి ఎత్తేది. పుస్తకంలో మనుషులు ఆమె తీర్పు చెప్పేదాకా ఎక్కడివాళ్ళక్కడ నిలబడాల్సిందే. ఒక కథలో ఓ వర్తకుడు భార్య బుద్ధి పరీక్షించడానికి చచ్చిపోయినట్టు నటిస్తాడు. బాపమ్మ చెయ్యెత్తి, "వాడు మొగడా, అంగట్ల బర్రెను బేరం జేసెటోడా? పరీక్షేంది వాని మొకానికి!" అని తంబాకు ఉమ్మింది. ఖాలా పడీ పడీ నవ్వింది.

రాసిన పెద్దమనుషుల ఉపదేశాలు బాపమ్మకు గిట్టవు. 'కావున మనుష్యులెల్లరు' అని మొదలైందంటే చాలు, "గది ఇడిచిపెట్టు, గాయన సోది మనకెందుకు. మనుషులు ఏం జేసిన్రో గది జెప్పు," అనేది. చిన్నమ్మ ఆ పేరా వదిలేసి తర్వాతి దానికి పోయేది. ఇంకో కట్టుబాటు ఉండేది. ఒకరోజు చిన్నమ్మ చదువుతూ చదువుతూ, కథలో దారి తప్పిన పిల్లవాడు ఆకలితో ఒక ఇంటి తలుపు కొట్టే దగ్గర ఆపింది. సాయంత్రం పాలు పిండే వేళైంది మరి. ఆ రాత్రి బాపమ్మ కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయింది. "గా పొల్లగానికి అన్నం వెట్టిన్రో లేదో," అని అటూ ఇటూ చూసింది. మర్నాడు పుస్తకం తెరవకముందే చెప్పేసింది, ముఖం చూడకుండానే. "గామెకు జెప్పు. ఆకలి మీద పుస్తకం మూయొద్దు. లోపలోళ్ళు తిన్నదాంక చదవాలె, గప్పుడు మూయాలె." అప్పటి నుంచి మా ఇంట్లో అదే చట్టం. కథలోవాళ్ళు అన్నం తినే చోటు కోసం చిన్నమ్మ ముందే నాలుగు పేజీలు వెతికి పెట్టుకునేది. గడ్డిమోపు తెచ్చేవాడు మధ్యాహ్నం వస్తే 'తిన్నవా?' అని బాపమ్మ అడగడం మొదలైంది కూడా ఆ పిల్లవాడి తర్వాతే. అంతకుముందు గడ్డి తడిగా ఉందని తిట్టడమే ఆమెకు తెలుసు.

కాక పోయి ఏడాది కావస్తుండగా బాపమ్మ ఒక మాట తేల్చేసింది. ఏడాది ఎల్లంగనే గామెను పుట్టింటికి తోలిచ్చేద్దామని. "గామెను జూస్తే నా కొడుకు యాదికొస్తడు. నాతోని అయితలేదు," అంది బాపుతో. బాపు తల్లి మాటకు ఎదురు చెప్పేవాడు కాదు. అమ్మ కొట్టంలో బర్రె మెడ పట్టుకుని కళ్ళు తుడుచుకుంది. పుట్టింట్లో చిన్నమ్మకు తల్లీ తండ్రీ లేరు. అన్న ఉన్నాడు, వదినె ఉంది. ఆ వదినె కాక చావుకు వచ్చినప్పుడే, మట్టి ఆరకముందే, 'మా ఇంట్ల జాగ లేదు, ముందే జెప్తున్న' అని అమ్మతో అనేసి పోయింది. అంటే చిన్నమ్మ ఎటు పోతున్నదో ఇంట్లో అందరికీ తెలుసు. అన్నకు కబురు వెళ్ళింది. బండి కట్టుకుని వస్తానని తిరుగు కబురు వచ్చింది. చిన్నమ్మ తన పనులు తను చేసుకుంటూ పోయింది. నాకు అక్షరాలు దిద్దిస్తుండేది అప్పుడు, గుణింతాల దాకా వచ్చాం. "నువ్వు పోతే మిగిలినయ్ ఎవలు జెప్తరు?" అని ఏడ్చాను. "ఒత్తులు నువ్వే నేర్చుకుందువు తీ," అని నా జడ అల్లింది.

సరిగ్గా అప్పుడే వకీలు గారింటి నుంచి ఆ పుస్తకం వచ్చింది. రాసిందెవరో, దాని పేరేమిటో నాకు గుర్తులేదు. బాపమ్మ ఆయనను తిట్టిన తిట్లు మాత్రం ఒక్కటీ మరచిపోలేదు. అందులో విశాల అని ఒక కోడలు. చిన్నతనంలోనే భర్త పోతాడు. అత్త ఆమెను పుట్టింటికి పంపేస్తుంది. మొదటిరోజే ఆ సంగతి వచ్చింది. అమ్మ చేతిలో చాట ఆగింది. ఖాలా పాన్ నోట్లో పెట్టుకోవడం మరిచి అలాగే పట్టుకుని ఉంది. నేను చిన్నమ్మ ముఖం చూశాను. ఆమె గొంతు వణకలేదు. ఎవరింటి కథో చదివినట్టే చదువుకుంటూ పోయింది. బాపమ్మ చెయ్యెత్తలేదు. అది అన్నిటికంటే వింత. రోజూ కొట్లాడే మనిషి ఆ కథకు మాత్రం మూగదైపోయింది. కానీ మర్నాడు ఎండ వాకిలి దాటకముందే వచ్చి కూర్చుని, "ఏదీ, ఇంక రాలే?" అని నన్ను పంపింది. విశాల ఎలా ఉందో ఆమెకు తెలియాలి.

ఆ మధ్యాహ్నాలు ఇప్పుడు తలుచుకుంటే నాకు కలలాగే ఉంటాయి. పిడకల పొగ సన్నగా ఎండలో వంకర తిరిగేది. బర్రెల మెడ గంటలు అప్పుడప్పుడు మోగేవి. చిన్నమ్మ గొంతు ఒకే ఎత్తున, నెమ్మదిగా, అలా పారుతూ ఉండేది. నాకు కునుకు పట్టేది, లేచేసరికి విశాల ఇంకో కష్టంలో ఉండేది. బండి రేపో మాపో రావాలి, పుస్తకంలో పేజీలు తరిగిపోతున్నాయి. ముందు పుస్తకం అయిపోతుందా, ముందు బండి వస్తుందా అని నేను లోపల లోపల భయపడేదాన్ని. పుస్తకం అయిపోకపోతే చిన్నమ్మను పంపరని నా పిచ్చి లెక్క.

పుస్తకమే ముందు అయిపోయింది. రేపు పొద్దున్నే బండి వస్తుందని కబురందిన మధ్యాహ్నం అది. చిన్నమ్మ బట్టలు అప్పటికే మూట కట్టి ఉన్నాయి. పుట్టింట్లో విశాలకు పశువుల కొట్టంలో చోటిస్తారు. వదిన పెట్టింది తినాలి, పెట్టనిరోజు పస్తే. వానల్లో జబ్బు చేస్తుంది. ఇంట్లో పండగ, చుట్టాలందరూ బంతుల్లో తింటుంటారు. కొట్టంలో విశాల ఉందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆ సాయంత్రం ఆమె ప్రాణం పోతుంది. చిన్నమ్మ అక్కడ ఆగి, ఇంకో పేరా ఉంటే వదిలేసి పుస్తకం మూయబోయింది. అలవాటే కదా, ఉపదేశం ఇంట్లో ఎవరికీ అక్కర్లేదు.

"ఆగు," అంది బాపమ్మ. "ఏం రాసిండు గాయన? గది గూడ చదువు. ఇయ్యాల నేను ఇంట."

చిన్నమ్మ చదివింది. అత్తమాట జవదాటక, ఎవరినీ నిందించక, ఆకలినైనా నోరు విప్పి చెప్పక ప్రాణం విడిచిన ఇట్టి సహనమే కులస్త్రీలకు అలంకారమని, మన ఇంటి ఆడవాళ్ళందరూ విశాలను చూసి నేర్చుకోవాలని ఆయన రాశాడు. అంతే, కథ అయిపోయింది.

బాపమ్మ దవడలో తంబాకు తీసి పారేసింది. తర్వాత ఆమె నోట వచ్చిన మాటలు నేను ఇక్కడ రాయలేను, అచ్చువేసేవాళ్ళు ఒప్పుకోరు. "అలంకారమట! ఎవని ఇంటి అలంకారం? వాని బిడ్డను ఏస్కొమ్మను గా అలంకారం! గా అత్తకు కండ్లు లేవా? అన్నం తిన్నవానే అని ఒక్కలన్న అడిగిన్రా గా పిల్లను?" అని లేచి నిలబడింది. పుస్తకం వైపు చెయ్యి చాపింది. "ఆకలి మీద పుస్తకం మూసిండు. ఆకలి మీద సంపిండు." అని, అంతలోనే వాకిట్లో కూలబడి పెద్దగా ఏడ్చింది. గుండెలు బాదుకుని, రాగం తీసి, మనిషి పోయినప్పుడు ఏడ్చేటట్టు ఏడ్చింది. నడుమ నడుమ కాక పేరు కూడా వచ్చింది. ఏడాది నుంచి ఆ కళ్ళల్లో ఆగిపోయిందంతా విశాల పేరు మీద బయటపడింది. ఎవరి కోసం ఏడుస్తోందో ఆమెకే తెలియదు, నాకెలా తెలుస్తుంది. ఖాలా కూడా కళ్ళొత్తుకుని, అరచేతులు పైకి చాపి, "యా అల్లా, బిచారీ," అని పెదాలు కదిపింది.

ఏడుపు ఆగాక బాపమ్మ బావి దగ్గరికి పోయి తలమీద నీళ్ళు పోసుకుంది. తడిబట్టతోనే వచ్చి, "ఇంట్ల మైల. పొయ్యి ముట్టియ్యొద్దు. పాలు అమ్మొద్దు," అంది.

సాయంత్రం పాలు పిండడానికి వచ్చిన బాపు నోరెళ్ళబెట్టాడు. "కాయితంల మనిషికి మైలేందమ్మా? పాలకు జెప్పుకున్నోళ్ళు ఏమంటరు?"

"ఏమన్న అననీ. నేను ఏడ్చిన్నా లేదా? కండ్లల్ల నీళ్ళొచ్చినయా లేదా? నీళ్ళొస్తే మనిషి పోయినట్టే."

"మరి పాలేం జేద్దం అత్తా?" అని అమ్మ భయంభయంగా అడిగింది.

"దూడలను ఇడువు," అంది బాపమ్మ.

ఆ పూట మా దూడలు తాగినట్టు ఏ దూడలూ తాగి ఉండవు. మూతుల నిండా నురుగుతో, నమ్మలేనట్టు మధ్యమధ్య తలెత్తి మావైపు చూసి మళ్ళీ పొదుగుల్లో దూరాయి. బాపు కొట్టం గుంజకు ఆనుకుని నిలబడి, కాసేపటికి తనూ నవ్వాడు. చిన్నమ్మ మాత్రం వెనక అర్రలో మూట పక్కన కూర్చుని ఉంది. ఆమెకు ఈ మైల వల్ల ఒరిగేది ఏమిటో అప్పటికి ఎవరికీ తట్టలేదు. బహుశా బాపమ్మకు కూడా తట్టలేదు.

మర్నాడు పొద్దున బండి వచ్చింది. చిన్నమ్మ అన్న మెత్తటి మనిషి, గడప బయటే నిలబడి చెప్పులు విడిచాడు. ఇంట్లో పొయ్యి లేదు, పొగ లేదు, అందరం తలస్నానాలు చేసి ఉన్నాం. చూసి గాబరాపడ్డాడు. చిన్నమ్మ మూట పట్టుకుని అర్ర గుమ్మంలోకి వచ్చింది. బాపమ్మ వాకిలికి అడ్డంగా నిలబడి ఆ మూటను చూసింది, బయట బండిని చూసింది, మళ్ళీ మూటను చూసింది. ఆ కాసేపూ నేను చిన్నమ్మ కొంగు పట్టుకునే ఉన్నాను.

"లోపలికి రాకు అయ్యా," అంది బాపమ్మ చివరికి. "మైల ఉన్నది. మైల ఇంట్లకెల్లి ఆడపిల్లను పంపరు. నువ్వు బండి మలుపుకో."

"అయ్యో, ఎవలు పోయిన్రు అత్తా?" అన్నాడు ఆయన.

"మా ఇంటి కోడలు."

ఆ మాటకు ఆయన కంగారుగా చెల్లెలి వైపు చూశాడు. ఆమె ఎదురుగా నిలబడే ఉంది. అమ్మ వైపు చూశాడు, ఆమే ఉంది. ఆ ఇంటికి ఉన్న కోడళ్ళిద్దరూ బతికే ఉన్నారు. ఏమీ అర్థంకాక మళ్ళీ బాపమ్మను చూశాడు. ఆమె వెనక్కి తిరిగి, ఏడాదిలో మొదటిసారి కోడలిని పేరు పెట్టి పిలిచింది. "బాలమణీ, గా మూట లోపల వెట్టు. మీ అన్నకు నీళ్ళియ్యి, దూపగొని వచ్చిండు."

చిన్నమ్మ మూట దించింది. చెంబు పట్టుకుని వచ్చేటప్పుడు ఆమె చేతిలో నీళ్ళు దారంతా తొణికాయి. అన్న తాగి, బండి మలుపుకుని వెళ్ళిపోయాడు. పాపం, ఆయన ముఖంలోనూ బరువు దిగినట్టే కనిపించింది.

పాలు రాలేదని అడగడానికి వచ్చినవాళ్ళు మైల సంగతి విని పరామర్శకు కూర్చోవడం మొదలుపెట్టారు. గల్లీ అంతా చెప్పుకుంది. ఖాలా తన గడప ముందు గాజుల పని పెట్టుకుని వచ్చినవాళ్ళను ఆపేది. "హౌ, గుజర్ గయీ, పోయింది. కోడలు. జవాన్ పిల్ల. జర ఆహిస్తా, మెల్లగ మాట్లాడుండ్రి, బుడ్డమ్మ పరేషాన్ల ఉన్నది," అని ఎంతో గంభీరంగా చెప్పేది. ఒక్క అబద్ధం ఆడలేదు ఆమె. మూడోనాడు ఇల్లు అలికి, గోడలకు సున్నం కొట్టి, గిన్నెలు బూడిదతో తోమి మైల తీసేసుకున్నాం. పుస్తకాన్ని బాపు బిందెలో పెట్టి వకీలు గారికి ఇచ్చేశాడు. శవాన్ని ఇంట్లో ఉంచుకుంటారా అని బాపమ్మ తొందరపెట్టింది.

అసలు సంగతి ఆ మర్నాడు జరిగింది. పాలు పిండారు. బిందెలు కావడికి తగిలించారు. అలవాటు కొద్దీ చిన్నమ్మా నేనూ వెనక అర్రలో తలుపేసుకుని కూర్చున్నాం. బాపమ్మ 'ఊఁ' కోసం చెవులు పెట్టుకుని ఉన్నాం. 'ఊఁ' వినబడలేదు. అడుగులు వినబడ్డాయి. తలుపు తెరుచుకుంది. "బాలమణీ, గల్లీలకు పోయి ఎదురు రా," అంది బాపమ్మ. చిన్నమ్మ తెల్లబోయి, "నేనా అత్తా?" అంది. "మరెవలు? నువ్వే. నిండు చెంబు వట్టుకొని రా." బాపు కావడి కింద నిలబడి దిక్కులు చూశాడు. చిన్నమ్మ నీళ్ళ చెంబు పట్టుకుని గల్లీలోకి పోయి, తలవంచుకుని ఎదురుగా నడిచి వచ్చింది. ఏడాది తర్వాత ఆ పొద్దుటి ఎండ ఆమె ముఖాన పడడం నేను చూశాను. కావడి గడప దాటింది. ఆ రోజు పాలు విరగలేదు, కావడి తాడు తెగలేదు. తర్వాత ఎండాకాలంలో ఒకసారి విరిగినప్పుడు మేమంతా బాపమ్మ ముఖం చూశాం. "ఎండకు ఇరిగినయ్, ఇంకేంది," అని ఆమె విసుక్కుంది. ఆ తర్వాత బాపు ఆ గడప దాటినన్నాళ్ళూ ఎదురు వచ్చింది చిన్నమ్మే. పంపేసే మాట ఇంక ఎవరూ ఎత్తలేదు. మైల ఎప్పుడో పోయింది, పంపడం మాత్రం మరిచిపోయారు.

నేను పెద్దదాన్నయ్యాక, ఒకరోజు ఆమె బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని అడిగాను. "చిన్నమ్మా, అక్షరం రాని ఇంట్ల నువ్వేం చదివితే గదే కథ. విశాలను బతికించి చదవరాదా? గా అత్తకు బుద్ధొచ్చిందని చదవరాదా? ఎవలకు తెలుస్తుండె?"

ఆమె ఒక రాయి ఏరి పారేసింది. "మార్చి చదివితే మీ బాపమ్మను మోసం జేసి ఉన్నట్టైతుండె బిడ్డా. గట్ల ఉండుడు నాకొద్దనిపించింది. పోవలసొస్తే పోతననుకున్న. గానీ పోయే ముందల, గా పిల్ల గట్ల సచ్చిందని ఈ ఇంట్ల ఎవలన్న ఒక్కలు ఏడుస్తరేమో సూడాలనిపించింది. గంతే."

సాహిత్యం మనిషికి విలువలు నేర్పుతుందా అని సభల్లో నన్ను అడుగుతుంటారు. నాలుగు పుస్తకాలు రాశాను కదా, అందుకని. నేనూ పెద్దరికంగా ఏదో చెప్పి శాలువా కప్పుకుని వచ్చేస్తాను. ఇంటికొచ్చాక నా మీద నాకే కోపం వస్తుంది. అసలు జవాబు నాకు తెలుసు. ఆ పుస్తకం రాసినాయన నేర్పాలనుకున్నది ఒకటి, మా వాకిట్లో బాపమ్మ నేర్చుకున్నది ఇంకొకటి. ఆయన సహనం నేర్పబోయాడు. ఆమె అన్నం తిన్నవా అని అడగడం నేర్చుకుంది. అయినా ఆయన రాయకపోతే విశాల లేదు, విశాల లేకపోతే చిన్నమ్మ ఆ బండెక్కి పోయి ఉండేది. అందుకే ఆయన మీద నాకు బాపమ్మకున్నంత కోపం లేదు. ఇప్పుడు ఇళ్ళల్లో కథలకు కొదవలేదు. శ్రీశైలం ఇంట్లో టీవీ పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది, రోజుకొకరు చస్తూనే ఉంటారు, వీళ్ళు అన్నం బుక్కలు మింగుతూనే ఉంటారు. ఎవరి కోసమూ ఎవరూ తలమీద నీళ్ళు పోసుకోరు. నేను మాత్రం పోసుకుంటున్నానా? నేనూ అంతే. అప్పటిలా ఏడవడం నాకూ చేతకాకుండా పోయింది.

ఆ ఏడు పెత్రమాసకు బాపమ్మ తన చేత్తోనే చివర ఒక చాట ఎక్కువ పెట్టింది. 'ఆకలి మీద పోయింది గద' అంది. బాపమ్మ పోయాక చిన్నమ్మ పెట్టింది. ఇప్పుడు చిన్నమ్మ కూడా లేదు.

"అమ్మా," అని అయ్యగారు మళ్ళీ పిలిచారు. "ఏమైతదో జెప్పలే."

సోఫాలో ఫోను చూసుకుంటున్న శ్రీశైలం కూతురు ఎప్పుడు లేచిందో, వంటింట్లో నుంచి ఒక చాట తెచ్చి నా ముందు పెట్టింది. దోసిళ్ళతో బియ్యం పోసింది. "గింత సాలునా, ఇంక పొయ్యాల్నా అమ్మమ్మా?" అంది. "ఇంక పొయ్యి బిడ్డా," అన్నాను. "మస్తు ఆకలి మీద పోయిందామె."

తర్వాత అయ్యగారి వైపు తిరిగాను.

"మా ఇంటి కోడలు."

ఆయన తలూపి, వరసా పేరూ కలిపి పైకి చెప్పారు. శ్రీశైలం ఆ మాటలే తిరిగి చెప్పి, ఆ చాట మీద నీళ్ళు విడిచాడు.